కడకప్పమ్మ: అందరిళ్ల తరువాతే అమ్మవారి కప్పు

తాళ్లదిబ్బలో కడకప్పమ్మను దర్శించడానికి వచ్చే యాత్రికులు మొదట గుడి పైకి చూసి ఆశ్చర్యపోతారు. నాలుగు రాతి స్తంభాలు, వాటి మీద తాటాకు కప్పు, అంతే. శ్లాబు వేయిస్తామంటూ వచ్చిన దాతలు చాలామందే ఉన్నారు. అందరికీ ప్రసాదం పెట్టి మర్యాదగా వెనక్కి పంపించాము. కారణం తెలియక కొందరు అలిగారు కూడా. అందుకే ఈ కథ చెప్పవలసి వచ్చింది.

పూర్వం ఇక్కడ ఏటా రోహిణి కార్తెలో ఇళ్లకు పాత ఆకు తీసి కొత్త తాటాకు వేసుకునేవారు. ఒక ఏడు ఊరి పెద్దలకు భక్తి కాస్త ఎక్కువైంది. అమ్మవారి కప్పు పూర్తయ్యేదాకా ఏ ఇంటి మీదా ఆకు వేయరాదని గుడి ముందు ఒట్టు పెట్టుకున్నారు. ఊరంతా కూలి అడగకుండా పనికి వచ్చింది. కప్పు కట్టడంలో చెయ్యి తిరిగిన ఎర్రయ్య మూడు రోజుల్లో పని ముగించాడు. తెల్లవారి చూస్తే కప్పంతా నేల మీద ఉంది. ఒక్క ముడీ తెగలేదు, ఎవరో విప్పి పేర్చినట్టే ఉంది. మళ్లీ కట్టారు, మళ్లీ దిగింది. గాలి అన్నారు, కోతులన్నారు, చివరికి ఎర్రయ్య చెయ్యి మంచిది కాదన్నారు. పాపం, ఆయన అన్నం మానేశాడు.

ఇంతలో వానలు తెచ్చే మృగశిర కార్తె దగ్గరపడింది. గుడి వెనుక ఇంట్లో తవిటమ్మ అనే బాలింత ఉండేది. ఆమె భర్త వేటకు వెళ్లి సముద్రంలో పోయి మూడు నెలలు, బిడ్డ పుట్టి పదకొండు రోజులు. కప్పు కుళ్లి ఇంట్లోంచి ఆకాశం కనబడేది. ఊరందరూ రోజూ ఆ గుమ్మం ముందు నుంచే వెళ్లేవారు. ఒక్కరూ చూడలేదు. అందరి కళ్లూ గుడి మీదే మరి.

ఒక మధ్యాహ్నం ఎర్రయ్య ఆకుల మోపు పక్కన కునుకు తీస్తుండగా అమ్మవారు కలలో కనబడింది.

"ఒరే ఎర్రయ్యా, నా ఎనకింట్లో పసిగుడ్డు తడిసిపోతాదిరా. నాకేటిరా తొందర? నాను రాయిని, తడిసినా ఆరిపోతాను. అందరిళ్లూ అయినాకే నాది."

ఆయన ఉలిక్కిపడి లేచి పరుగెత్తాడు. తవిటమ్మ బిడ్డను మంచం కింద పడుకోబెట్టి మంచం మీద గోనెలు పరుస్తోంది.

"ఎందుకు సెప్పలేదమ్మా?" అన్నాడు.

"అమ్మోరి పని మీదున్నోల్లని నా ఇంటికెలా పిలుత్తాను బాబూ?" అంది ఆమె.

ఎర్రయ్య కళ్లు తుడుచుకుని అమ్మవారి ఆకుల మోపునే భుజానికెత్తాడు. ఒట్టు తప్పితే అరిష్టమని పెద్దలు అడ్డుపడ్డారు. కల సంగతి చెప్పి, "తగిలితే నాకే తగలనీండి" అని నిచ్చెన ఎక్కేశాడు. ముందు ఆడవాళ్లు కదిలారు, వారి వెనుక మగవాళ్లు, ఆఖరున తలలు దించుకుని పెద్దలు. మబ్బు కమ్ముతుండగా ఆకులు చేతులు మారుతూ పైకి వెళ్లాయి. చివరి ముడి వేస్తుండగా తొలి చినుకు పడింది. ఇంట్లో ఒక్క చుక్క రాలలేదు, బిడ్డ నిద్ర లేవలేదు. ఊరంతా ఆ చూరు కింద ఒదిగి నిలబడి హమ్మయ్య అనుకుంది. ఎదురుగా అమ్మవారు హాయిగా తడుస్తూ కనబడింది. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా మిగిలిన ఇళ్లు కప్పి, అన్నిటికన్నా చివర గుడికి వేశారు. ఆ కప్పు మరి దిగలేదు.

నాటి నుంచి ఏటా అమ్మవారి కప్పు తీసిన రోజున పూజారి గుడి ముందు నిలబడి, "ఎవరి ఇల్లు కారుతోంది?" అని మూడుసార్లు అడుగుతారు. తన ఇంటి సంగతి తాను చెప్పకూడదు, పొరుగింటిదే చెప్పాలి. పెంకుటిల్లైనా, డాబా అయినా బాగుచేయడానికి అందరూ వెళతారు. యాత్రికులు కూడా చెయ్యి వేయవచ్చు. అలా చెయ్యి వేసిన వారి బిడ్డలు చల్లగా ఉంటారని నమ్మకం.

పోయిన ఏడు రెండుసార్లు అడిగినా ఎవరూ పలకలేదు. మూడోసారికి పూజారి గారి పక్కింటి సత్తెమ్మ లేచింది.

"మీదే బాబూ. వంటింట్లో గిన్నెలెట్టి వాన నీళ్లు పడతన్నారు. నాను సూడలేదనుకున్నారేటి?"

పూజారి గారు తల వంచుకున్నారు. ఆడవాళ్ల వరసలో ఆయన భార్య మాత్రం కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "నాలుగేళ్లయిందమ్మా, ఇన్నాళ్లకు ఎవరో అన్నారు" అని నవ్వేసింది.