తిరిగి రాని టపాకాయలు

అడవి దారిలో ఉత్తరాల సంచి మోసే జోగులుకు సంస్థానం ఇచ్చే ఆయుధం ఒక్కటే, ఒక తాటాకు టపాకాయ. పులి ఎదురైతే దాన్ని అంటించాలి. చప్పుడుకు పులి పారిపోతుంది. పేలుతుందో లేదో ముందే చూసుకుందామంటే, చూశాక ఇక టపాకాయ మిగలదు.

ఆ ఏడు సరుకు ఎవరి దగ్గర కొనాలో తేల్చడానికి రాజుగారు కొలువు తీరారు. ఒక పక్క దివానుగారి బావమరిది వరహాలయ్య, ఇంకో పక్క ఊళ్లో టపాకాయలు చుట్టుకునే నూకాలు, బుట్టలతో నిలబడ్డారు.

"వరహాలయ్య పదేళ్లుగా ఇస్తున్నాడు ప్రభూ. పేలనిది తిరిగి తెచ్చిస్తే ఇంకోటి ఊరికే ఇస్తానన్నాడు. ఇంతవరకు ఒక్కడూ తేలేదు," అన్నాడు దివాను మీసం దువ్వుకుంటూ.

కొలువులో ఓ పక్కగా నిలబడ్డ జోగులు చేతులు కట్టుకున్నాడు. "నిజమే దొరా. నాకు ముందు ఈ సంచి మోసిన ముగ్గురూ తేలేదు. వాళ్లూ తిరిగి రాలేదు."

రాజుగారు నోట్లో పెట్టుకోబోతున్న తాంబూలం పళ్లెంలో పెట్టేశారు. "మరి ఎలా తేల్చమంటావు?"

"అమ్మేవాళ్లు రేపు నాతో అడవి దాటాలి ప్రభూ. వాళ్ల బుట్టలోంచి నేను ఏరిన టపాకాయ ఒక్కటే మా వెంట ఉంటుంది."

వరహాలయ్యకు అక్కడికక్కడే మోకాలి నొప్పి పట్టుకుంది. నీ సంగతేమిటన్నట్టు రాజుగారు దివాను వైపు చూస్తే, ఆయనా మోకాలు తడుముకుంటున్నాడు.

నూకాలు కొంగు బిగించింది.

"సద్దన్నం మీరు పెట్టిస్తారా బాబూ, నేనే మూట కట్టుకోవాలా?"