ఎర్రరాళ్ల మలుపు

యుగంధర్ వాళ్లమ్మ కొండ కింద బస్సు దిగిందని తెలియగానే వకుళకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మదనపల్లె దగ్గరి కొండ మీద ఏటా ఒక శని, ఆదివారాల్లో కాలేజీ పిల్లలకు సైకిల్ పందేలు జరుగుతాయి. ఈసారి నిర్వహణంతా వకుళదే. దారి గుర్తులు, నీళ్లు, అంబులెన్సు, బయటి ఊళ్లనుంచి వచ్చినవాళ్లకు పడకలు, అన్నీ దగ్గరుండి చూసుకుంది. ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆమె పంతం. పోయిన ఏడాది ఇదే పందెంలో, దిగుడుదారిలో ఎర్రరాళ్ల మలుపు దగ్గర యుగంధర్ పడిపోయాడు. తలకు హెల్మెట్ ఉంది. డాక్టరు పరుగున వచ్చాడు. అయినా బతకలేదు. వకుళ క్లాసువాడే.

వాళ్లమ్మ రామలక్షమ్మను ఎవరూ పిలవలేదు. ఇంట్లో పట్టుపురుగులకు మేత వేసే పని పక్కింటివాళ్లకు అప్పగించి, మొదటి బస్సుకే వచ్చేసింది. వకుళ ఆమెను టెంటులో కూర్చోబెట్టి టిఫిన్ తెప్పించింది. ఆమె ముట్టుకోలేదు.

"మావాడు పడింది యాడమ్మా?" అని అడిగింది.

అక్కడికి రాళ్ల దారి, పందెం నడుస్తున్నప్పుడు పోవడం కష్టమని వకుళ చెప్పింది. సాయంత్రం సభ ఉందని, యుగంధర్ ఫోటో పెట్టి దీపం వెలిగించాలనుకున్నామని, ఆ దీపం ఆమే వెలిగిస్తే బాగుంటుందని కూడా చెప్పింది. ఏడాదిగా మనసులో కూర్చుకున్న మాటలన్నీ చెప్పింది. రామలక్షమ్మ ఓపిగ్గా విన్నది. విని, మళ్లీ అదే మాట అడిగింది.

వకుళ పైకి పరిగెత్తింది. ఆమెకూ యుగంధర్‌కూ ఈ కొండ మీద సైకిల్ నేర్పింది దానియేలు సారు. రిటైరైనా పందేలకు రావడం మానలేదు. ఎర్రరాళ్ల దగ్గర జెండా పట్టుకుని నిలబడడానికి ఈసారి అందరూ వెనకాడితే, తానుంటానని ఆయనే అన్నాడు.

"ఆమెకు ఏం చెప్పాల సార్? నాకు తెలియడం లేదు."

"ఇక్కడికి పిలుచుకోని రా."

"ఇక్కడ పిల్లోళ్లు దూకుతా వచ్చేది చూస్తే తట్టుకుంటుందా సార్?"

"పిలుచుకోని రా పాపా."

రామలక్షమ్మ చెప్పులు చేత పట్టుకుని కాలిబాటన ఎక్కింది. దానియేలు సారు ఒక రాయి పక్కకు నడిచి, "ఇక్కడేనమ్మా" అన్నాడు. ఆమె గొంతుక్కూర్చుని నేలమీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత లేచి నిలబడింది కానీ, ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు కొంగు మెలిపెడుతూ ఉండిపోయింది.

అంతలో పైనుంచి సైకిల్ చప్పుడు వినిపించింది. సారు తన చేతిలోని పసుపు జెండా ఆమె చేతిలో పెట్టాడు.

"వచ్చేవాళ్లకు దీన్ని ఊపాలమ్మా. మెల్లగా పొమ్మని చెప్పాల."

అంతే చెప్పి, ఆమె వెనక నిలబడ్డాడు.

మొదటి సైకిల్ వచ్చినప్పుడు జెండా లేవలేదు. ఆమె కళ్లు మూసుకుంది. చీర మీద దుమ్ము పడింది. రెండోసారి జెండా సగం లేచింది. ఆ తర్వాత వచ్చినవాడికి ఏదో చెప్పబోయేలోగా వాడు దాటిపోయాడు. వకుళ ఒక అడుగు ముందుకు వేసింది. సారు చెయ్యి అడ్డం పెట్టాడు.

ఇంకొకడు మలుపు పైన కనిపించాడు.

"మెల్లగా! మెల్లగా పో నాయనా!"

ఆ పిల్లవాడు ఉలిక్కిపడి బ్రేకులు నొక్కాడు. తల తిప్పి ఆమెను చూశాడు. రాళ్ల పక్కగా జాగ్రత్తగా తిరిగి దిగిపోయాడు.

ఇక ఆమె ఎవరినీ వదల్లేదు. ఆడపిల్లలు వస్తే తల్లీ అంది, మగపిల్లలు వస్తే నాయనా అంది. వాళ్లు కనుమరుగయ్యేదాకా కిందికి చూసి, మళ్లీ పైకి తిరిగేది. ఎండ ఎక్కేసరికి గొంతు బొంగురుపోయింది. నీళ్లిస్తే రెండు గుక్కలు తాగి, జెండా మాత్రం ఇవ్వలేదు.

"ఇది ఆమెకు బాధ కాదా సార్?" అని వకుళ మెల్లగా అడిగింది.

"బాధే" అన్నాడు సారు.

చివరి సైకిల్ కూడా దిగిపోయింది. కిందనుంచి చప్పట్లు వినిపించాయి. వకుళ ఫోను మోగింది. పోటీదారులంతా క్షేమంగా చేరారని చెప్పి, సభకు కుర్చీలు వేయమంటారా అని అడుగుతున్నారు. వకుళ ఫోను పెట్టేసింది.

రామలక్షమ్మ ఇంకా పైకే చూస్తోంది.

"ఇంక వచ్చేవాళ్లు ఎవరూ లేరామ్మా? అందరూ దిగేసినారా?"

అవునని చెప్పబోయి వకుళ ఆగిపోయింది. సారు వైపు చూసింది. ఆయన కూడా ఖాళీ దారినే చూస్తున్నాడు.

వకుళ వెళ్లి ఆమె పక్కన నిలబడి, తనూ పైకి చూసింది.