వస అరగదీసిన చెయ్యి

ఏం చూశావు? ముందు అది చెప్పు. కథ తర్వాత.

పెళ్ళిలో బ్యాండు మోగగానే ఓ పాప చెవులు మూసుకుని భోజనాల బల్ల కిందకి దూరింది, అది చూశానంటావు. పిల్లలందరూ ఆ పాపలా చెవులు మూసుకుని గెంతారు, నువ్వూ వాళ్ళతో కలిసి గెంతావు. సరే. పాప చెవులు చూశావు. మరి బల్ల పక్కన చతికిలబడ్డ వాళ్ళమ్మ చేతులు చూశావా?

చూళ్ళేదు. నాకు తెలుసు. ఎవరూ చూడరు. ఇటు తిరిగి పడుకో, దుప్పటి కాళ్ళ మీదకి లాక్కో. ఇవాళ రాజూ లేడు, రాకాసీ లేదు. ఓ అమ్మ చేతుల కథ చెబుతాను.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో అందరూ చాపలు నేసేవాళ్ళే. ఏటిగట్టున తుంగ కోసుకొచ్చి, ఎండబెట్టి, చీల్చి మగ్గం మీద నేసేవాళ్ళు. ఒకరు పొడుగాటి కర్రకి తుంగ తగిలించి దారాల మధ్యకి దూర్చాలి. ఇంకొకరు పలకతో దబ్బున దిగ్గొట్టాలి. ఇద్దరు లేనిదే చాప లేదు. అందుకే ఆ ఊళ్ళో ఆడపిల్ల పుడితే, "నీకు మగ్గం జోడీ పుట్టిందే!" అనేవాళ్ళు తల్లితో.

ఆ ఊళ్ళో నూకాలు అని ఒకామె ఉండేది. మొగుడు చాపలు మోపుగట్టి సంతల వెంట తిరిగేవాడు. ఇంటిపట్టున ఉండేది నూకాలూ, ఆమె అత్త అప్పలనర్సమ్మా, నూకాలు కూతురు బంగారీ.

బంగారి పేరుకి తగ్గట్టే ఉండేది. కానీ పిలిస్తే పలికేది కాదు. మొహంలోకి చూసేది కాదు. మునివేళ్ళ మీద నడిచేది. కోసి పారేసిన తుంగముక్కలు ఏరి, పొట్టిదీ పొడుగుదీ చూసుకుని, వాకిట్లో వరసగా పేర్చేది. ఎవరైనా ఒక్క ముక్క కదిపారా, ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేది. పెరుగన్నం తప్ప ఇంకోటి ముట్టదు. అదీ అమ్మ కలిపి పెడితేనే.

ఆ పిల్లకి ఇంకో అలవాటుండేది. ఏం కావాలన్నా వచ్చి నూకాలు మణికట్టు పట్టుకునేది. మొహం చూడదు, గొంతు ఎత్తదు. దాహమేస్తే ఆ చెయ్యి లాక్కెళ్ళి నీళ్ళకుండ మీద పెట్టేది. బయటికెళ్ళాలంటే గడియ మీద పెట్టేది. నిద్రొస్తే ఆ అరచెయ్యి తన నెత్తిన పెట్టుకుని, పైనుంచి తన చేతులతో అదుముకునేది.

"నీ చెయ్యేదో గరిటైనట్టు వాడతాదేటే నీ గుంట!" అని నవ్వేది పక్కింటి సూరమ్మ.

నూకాలూ నవ్వేది. నవ్వుతూనే లోపల కుమిలేది. పిల్ల ఒక్కసారి "అమ్మా" అంటే చాలు, ఇంకేమీ వద్దు అనుకునేది. ఆ ఒక్క మాట కోసం ఎవరు ఏం చెయ్యమన్నా చెయ్యడానికి సిద్ధపడింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

అప్పుడు అత్త అంది, "ఒలే నూకాలూ, పసితనంలో దీనికి వస సరిగ్గా పట్టలేదే. అందుకే నాలిక మొద్దుబారిపోనాది."

మనవాళ్ళ అలవాటు తెలుసుగా. మాట బాగా రావాలని పసిపిల్లల చేత వసకొమ్ము అరగదీసి నాకిస్తారు. గలగలా వాగేదాన్ని వసపిట్ట అంటారు. సరే, నూకాలు సానరాయి మీద వస అరగదీసింది. బంగారి మూతి తిప్పేసింది. ఆ ఘాటు దానికి పడలేదు. అప్పుడు నూకాలు ఏం చేసిందీ, ఆ గంధాన్ని పెరుగన్నం ముద్దలో దాచిపెట్టింది. అమ్మ చెయ్యే కదా అని పిల్ల నోరు తెరిచింది.

నాలిక్కి తగలగానే ఊసేసింది. మర్నాడూ అదే ముద్ద, అదే ఊయడం. ఆ తర్వాత ముద్ద దగ్గరికొస్తే చాలు, పిల్ల ముందు వాసన చూసేది. తల్లి చేతి అన్నాన్ని పిల్ల వాసన చూస్తోందే, ఇదేమిటని ఆ తల్లికి తట్టొద్దూ? తట్టలేదు.

మాటా రాలేదు.

ఆ తర్వాత సూరమ్మ వచ్చింది. "వస కాదొదినా, ఇది నరదిష్టి. బంగారు బొమ్మలాటి గుంటని పట్టుకుని సంతంతా తిప్పితే తగలదేటి?" అంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి, నిప్పుల కుంపట్లో పోసింది. ఘాటు గుప్పుమంది. బంగారి పారిపోబోయింది.

"పట్టుకో, పట్టుకో! పొగ మొహానికి తగలకపోతే దిష్టెలా దిగతాది?"

నూకాలు పిల్ల రెండు చేతులూ పట్టుకుని కుంపటి ముందు కూచోబెట్టింది. ఊళ్ళోవాళ్ళకి ఆ పొగ కాసేపు దగ్గు, అంతే. ఆ పిల్లకి అలా కాదు. వాసనగానీ వెలుగుగానీ చప్పుడుగానీ మనకి గోరు గీరినట్టుంటే, దానికి కత్తి దిగినట్టుండేది. ఆ సంగతి చెప్పడానికి దానికి మాట లేదు. దగ్గి దగ్గి నీలుక్కుపోయింది.

ఆ తర్వాత అమ్మవారి పండగ వచ్చింది. అత్త అంది, "బెదిరితే గొంతు తెరుసుకుంటాదంట. డప్పుల మధ్యన నిలబెట్టండి." డప్పులు చుట్టూ చేరాయి. బంగారి చెవులు మూసుకుంది. మూసుకుని, మోకాళ్ళ మీద కూలబడింది.

"సెవులు మూసుకుంటే ఇంకేటి లాభం? సేతులు లాగవే!" అని అరిచింది అత్త.

నూకాలు ఆ చిన్ని చేతులు రెండూ చెవుల మీంచి లాగేసింది. లాగి గట్టిగా పట్టుకుంది.

అప్పుడు బంగారి కేక పెట్టింది. డప్పుల్ని మించి వినబడింది ఆ కేక. "గొంతొచ్చీసింది! గుంటకి గొంతొచ్చీసింది!" అని జనం చప్పట్లు కొట్టారు. సూరమ్మ బెల్లం పంచింది. నూకాలు కూడా నవ్వి, ఆ బెల్లంముక్క నోట్లో వేసుకుంది. ఏం చెప్పమంటావు? అంత తియ్యగా తిన్న ముక్క, ఆ తర్వాత ఎన్నేళ్ళయినా ఆమె గొంతులోంచి దిగలేదు.

ఎందుకంటే ఆ రోజు నుంచీ బంగారి అమ్మ చెయ్యి పట్టుకోవడం మానేసింది.

దాహమేస్తే కుండ ముందు ఊరికే నిలబడేది. ఎవరైనా చూసి పోస్తే తాగేది, లేకపోతే లేదు. నూకాలు చెయ్యి చాపితే గోడకి అంటుకుపోయేది. ముద్ద పెట్టబోతే పళ్ళు బిగించేది. పిల్ల చిక్కి సగమైంది.

అంగన్‌వాడీ టీచరు చూసి హడలిపోయి, తల్లినీ పిల్లనీ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ బంగారిని ముట్టుకోలేదు, పిలవలేదు. నేల మీద కూచుని, పిల్ల ఇంటినుంచి తెచ్చుకుని పేర్చుకుంటున్న తుంగపుల్లల పక్కన తనూ ఒక పుల్ల పెట్టి ఊరుకుంది. చాలాసేపటికి బంగారి ఆ పుల్లని సరిచేసి, వరసలో కలుపుకుంది.

అప్పుడు డాక్టరమ్మ నూకాలుని అడిగింది, "ఏదైనా కావాలంటే మీకెలా చెబుతుందమ్మా?"

"సెప్పదండి. దానికి మాటే నేదు కదండీ."

"మాట సరే. ఇదివరకు ఆకలేస్తే ఏం చేసేది?"

"నా సెయ్యట్టుకుని లాక్కెళ్ళేదండి. కుండ మీదెట్టీది, గడియ మీదెట్టీది. ఇప్పుడదీ నేదు. నన్ను ముట్టదు."

డాక్టరమ్మ మెల్లిగా అంది, "మాట లేదనకమ్మా. పాప చెబుతూనే ఉండేది. ఆ చెయ్యి పట్టుకోవడమే చెప్పడం."

నూకాలు తన మణికట్టు కేసి చూసుకుంది.

దీన్ని ఆటిజం అంటారని చెప్పింది డాక్టరమ్మ. దిష్టీ కాదు, దయ్యమూ కాదు, నువ్వు పెంచిన తీరుకి వచ్చిందీ కాదు, పిల్ల పుట్టుకే అలాంటిదంది. ఏదైనా చేసేముందు దానికి చూపించి చెయ్యమంది. రోజూ ఒకే వేళకి, ఒకే తీరుగా జరగనిమ్మంది. చెవులు మూసుకుంటే చప్పుడు ఆపమంది, చేతులు లాగొద్దంది. తిట్టలేదు. తిడితే బాగుణ్ణనుకుంది నూకాలు.

ఇంటికొచ్చి సానరాయి తీసుకెళ్ళి ఏట్లో పడేసింది. పలక చప్పుడు పిల్ల చెవిన పడకుండా మగ్గం పెరటి చివరికి మార్చింది. సూరమ్మ మళ్ళీ కుంపటి పట్టుకొస్తే గుమ్మానికి అడ్డంగా నిలబడి, "నీ పొగ నీ ఇంట్లో ఎట్టుకో వదినా, నా గడప తొక్కితే ఆ కుంపటి నీ మొహానికే ఎదురొస్తాది!" అంది. కుండ బొమ్మ, గడియ బొమ్మ, పెరుగుముంత బొమ్మ అట్టల మీద గీయించి పిల్లకందేలా గోడకి తగిలించింది. పెరుగన్నం కంచంలో పెట్టి, తను దూరంగా జరిగేది. మొదట్లో బంగారి వాసన చూసి వదిలేసేది. పోగా పోగా తినడం మొదలెట్టింది. ఒంట్లోకి కండ వచ్చింది. బొమ్మలు తాకి చెప్పడం నేర్చింది.

ఒక మధ్యాహ్నం అత్త అరుగు మీద కూచుని తుంగ చీలుస్తోంది. బంగారి వచ్చింది. మణికట్టు పట్టుకుంది. నూకాలుది కాదు, అత్తది. లాక్కెళ్ళి పెరుగుముంత మీద పెట్టింది.

"నన్నట్టుకుందేటే! వస పొయ్యమన్నదీ నానే, సేతులు లాగమన్నదీ నానే గదే!" అని బావురుమంది ముసలిది.

"నువ్వన్నావత్తా, సేసింది నాను. దానికి సేసిన సెయ్యే తెలుసు" అంది నూకాలు. అని, పెరుగన్నం కలిపి అత్త చేతికిచ్చింది.

ఆ తర్వాత బంగారికి మాట కూడా వచ్చింది. నూకాలు మర్చిపోయి, పిల్ల జుట్టు సర్దబోతూ చెయ్యి చాపిన రోజున వచ్చింది. "వద్దు" అంది బంగారి. తేటగా, వంకర లేకుండా అంది. అన్నేళ్ళు "అమ్మా" కోసం కాచుకున్న మనిషికి దొరికిన మొదటి మాట అదీ.

నూకాలు చెయ్యి వెనక్కి తీసుకుంది. "సరే తల్లీ" అంది.

ఇప్పుడు బంగారి పెద్దదైంది. చాపల అంచులు కోసేటప్పుడు దాని కన్నుకి అందని వంకర ఆ ఊళ్ళో లేదు. పనయ్యాక ఓ చాప కొసన కూచుని తుంగముక్కలు పేర్చుకుంటుంది. రెండో కొసన నూకాలు కూచుంటుంది. అరచెయ్యి వెల్లకిలా చాప మీద పెట్టి ఉంచుతుంది. పిలవదు, చాపదు. పుల్లల వరస ఒక్కోరోజు ఆ చేతి దాకా వస్తుంది. ఒక్కోరోజు సగంలో ఆగిపోతుంది.

చెవులు మూస్తే చేతులు లాగకు,
నోరు రాదని మనసు లేదనకు,
తుంగచాప ఏటి దారినె పోయె,
కథేమో కంచి దారినె పోయె,
మనమేమో ఇంటికొచ్చి పడుకుంటిమాయె.

కళ్ళు మూసుకునే ముందు ఒక్కటి చెప్పు. నువ్వే బంగారివైతే, ఆ చెయ్యి మళ్ళీ పట్టుకుంటావా?