మంత్రిగారు పట్టుకున్న అతుకు

పొద్దున్నే మబ్బు పట్టింది, చినుకు లేదు. రాణిగారి స్నానాలగదిలో మాత్రం జల్లు. గోడలోని పాత అంగుళాల గొట్టానికి తన కొత్తకొలత గొట్టాన్ని నేరుగా తగిలించమన్నారు మంత్రిగారు. రెండింటికీ సరిపడే జోడుముక్క నడుమ వేస్తానన్నాడు గొట్టాలు అతికే మా ఆయన.

"రెండు కొలతలూ సమానమని చాటింపు వేయించాను. ముక్కెందుకురా?"

చెప్పినట్టే నేరుగా తగిలిస్తే అతుకు కారింది. మా ఆయనవీ, సాయం పట్టిన కొడుకులిద్దరివీ తలలు తీయించాలన్నారు మంత్రిగారు.

సున్నం తట్ట దించి అన్నాను: "వీళ్లకు అతకడం రాదు బాబూ. రాజుగారి ముందు మీరే చూపించండి."

రాజుగారు చూస్తుండగా మంత్రిగారు అతుకును రెండు చేతులా బిగించి పట్టుకున్నారు. "చూశావా, చుక్కైనా కారట్లేదు."

"చూశాను బాబూ. ఇక చేతులు తీయండి."

తీయలేదు. రాజుగారు ఎదురుచూశారు. చివరికి మంత్రిగారే, "ఆ జోడుముక్క తేండ్రా," అని గొణిగారు.

చీకటి పడకముందే గుమ్మంలో లెక్కపెట్టుకున్నాను. మా ఆయన, పెద్దాడు, చిన్నాడు. ముగ్గురూ తలలతోనే వచ్చారు.