‘బావా’ అన్న ప్యాసింజరు

కోనసీమలోని కొత్తపేటలో అబ్బులు అనే టాక్సీ డ్రైవరు ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, ఎవరైనా వరస కలిపి పిలిస్తే చాలు, ఇక వాళ్ళ మాట కాదనలేకపోయేవాడు. ‘అన్నయ్యా’ అన్నవాళ్ళని సొంత పని మానుకుని మరీ బస్టాండులో దించి వచ్చేవాడు. ‘బాబాయ్’ అన్నవాళ్ళకి కారు తాళాలిచ్చేసి తను నడుచుకుంటూ ఇంటికి పోయేవాడు.

“నీ మొహమాటం నిన్ను ఎప్పుడో నిలువునా ముంచుతుంది” అని భార్య నూకరత్నం తల బాదుకునేది.

“మనిషన్నాక ఆ మాత్రం లేకపోతే ఎలాగే?” అని అబ్బులు నవ్వేసేవాడు.

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ మొత్తేవాడు ఒక వేసవి ఉదయం తొమ్మిదింటికి ఫోన్ చేశాడు. రాజమండ్రి ఆస్పత్రికి వెళ్ళాలి, వెంటనే రమ్మన్నాడు. అతను చెప్పిన గుర్తుల ప్రకారం అబ్బులు ఊరి చివర పెంకుటింటి ముందు కారు ఆపాడు. తెల్లచొక్కా, గంధం బొట్టు, చంకలో తోలుసంచీ ఉన్న నలభయ్యేళ్ళ మనిషి ఒక ముసలావిణ్ణి పొదివి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. ఆవిడ కాళ్ళు తడబడుతున్నాయి. తల వాలిపోతోంది.

“నా పేరు శేషగిరి. ఈవిడ మా పెద్దమ్మ సుభద్రమ్మ. నీరసంగా ఉందయ్యా పాపం” అన్నాడు.

ఇద్దరూ కలిసి ఆవిణ్ణి వెనకసీట్లో కూర్చోబెట్టారు. శేషగిరి ఆవిడ పక్కనే కూర్చున్నాడు. కారు ఊరు దాటిందో లేదో మాటల్లోకి దిగాడు.

“మీ అత్తారిది ఏ ఊరు?”

“పలివెల అండి.”

“పలివెలా! మా మేనత్తది ఆ ఊరే కదయ్యా! అయితే నువ్వు నాకు వరసకి బావవి. ఇంకా అండీ గిండీ ఏంటి బావా?”

ఇంకేం, అబ్బులు మొహం చేటంత అయింది. ఆ మేనత్త ఎవరో, ఇంటిపేరేమిటో ఒక్క ముక్క అడగలేదు. అడిగితే బావ ఏమనుకుంటాడో అని మొహమాటం! కాసేపటికి శేషగిరి వెనకనుంచి ఒక ఫోను అందించాడు.

“బావా, ఇది పెద్దమ్మ ఫోను. మత్తులో ఎక్కడైనా పారేస్తుంది. నీ జేబులో ఉంచు.”

ఫోను ఆపేసి ఉంది. జబ్బు మనిషి ఫోను ఎందుకు ఆపేశారో అబ్బులుకి అర్థం కాలేదు. అయినా తీసి జేబులో వేసుకున్నాడు.

రావులపాలెం వారధి దగ్గరకొచ్చేసరికి పోలీసులు బండ్లు ఆపి చూస్తున్నారు. శేషగిరి ముందుకి వంగాడు.

“బావా, నేను పెద్దమ్మ అంటే సవాలక్ష అడుగుతారు. నీది ఇక్కడి బండే కదా. మా పిన్ని అని నువ్వు చెప్పెయ్. ఒక్కమాటతో పోతుంది.”

“అబద్ధం కదా బావా?” అని గొణిగాడు అబ్బులు.

“బావకోసం ఆ మాత్రం చెప్పలేవా?”

కానిస్టేబులు కిటికీలోంచి తొంగిచూశాడు. “ఎవరయ్యా ఈవిడ?” అని అడిగాడు.

అబ్బులు కిటికీవైపు తిరిగాడు. “మా పిన్నిగారండి. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను” అన్నాడు.

కానిస్టేబులు చెయ్యి ఊపాడు. కారు వారధి ఎక్కింది. కింద గోదావరి ఎండకి తళతళలాడుతోంది. అబ్బులుకి మాత్రం చొక్కా అంతా చెమటతో తడిసిపోయింది. జీవితంలో మొదటిసారి పోలీసుకి అబద్ధం చెప్పాడు మరి!

వారధి దిగాక శేషగిరి రాజమండ్రి దారి వద్దన్నాడు. కుడివైపు కాలవగట్టు రోడ్డు చూపించి, “ఇలా పోనీ” అన్నాడు. ఆ గొంతులో ఇప్పుడు బతిమాలడం లేదు. అబ్బులు స్టీరింగు తిప్పాడు. కొబ్బరిచెట్ల నీడలు గబగబా వెనక్కి పోతున్నాయి. అప్పుడే సుభద్రమ్మ కళ్ళు సగం తెరిచింది.

“నీళ్ళు… నాయనా, ఎక్కడికి తీసుకెళ్తున్నారు నన్ను?”

“ఆస్పత్రికమ్మా” అంటూ అబ్బులు సీసా వెనక్కి అందించాడు.

“నాకేం జబ్బని? పొద్దున్న ఈయన కాఫీ ఇచ్చాడు… తాగాను… అంతే…” అంది. మళ్ళీ తల వాల్చేసింది.

అబ్బులు అద్దంలోకి చూశాడు. అద్దంలో శేషగిరి కూడా తననే చూస్తూ నవ్వుతున్నాడు.

“తెలిసిపోయిందిగా, ఇక దాచడమెందుకు? మనం వెళ్ళేది రిజిస్ట్రారు ఆఫీసుకి. ఈవిడ రెండెకరాల కొబ్బరితోట నా పేరుకి మారుతుంది. వేలిముద్ర వేయిస్తే చాలు. ఇద్దరు సాక్షులు కావాలి. ఒకడు అక్కడే కాచుకుని ఉన్నాడు. రెండోవాడివి నువ్వే బావా.”

“నేనా? నావల్ల కాదండి. నన్నొదిలెయ్యండి.”

“ఫోను ఎవరి జేబులో ఉంది? పోలీసుకి పిన్ని అని చెప్పిందెవరు? కారెవరిది? నేనెవర్ని, దారిలో కారెక్కిన ప్యాసింజర్ని! నోరెత్తావంటే ముసలావిణ్ణి ఎత్తుకొచ్చినవాడివి నువ్వే అవుతావు. సంతకం పెట్టావంటే సాయంత్రానికి ఇంట్లో ఉంటావు.”

చూశారా, ఏకులా వచ్చి ఎలా మేకై కూర్చున్నాడో! అబ్బులుకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. సంతకం పెడితే ఆ ముసలావిడ రోడ్డున పడుతుంది. పెట్టకపోతే తను జైల్లో పడతాడు. ఆ కంగారులో కారు గట్టు అంచుదాకా వెళ్ళి వచ్చింది. “జాగ్రత్త బావా, కాలవలో పడేస్తావా ఏంటి?” అని శేషగిరి పళ్ళికిలించాడు.

ఇంతలో రైలు గేటు అడ్డమొచ్చింది. గేటు వేసి ఉంది. ముందు కొబ్బరికాయల లారీ ఆగి ఉంది. వెనక ఒక ఆటో వచ్చి ఆగింది, దాని వెనక ఇంకో పది బండ్లు. దూరంగా రైలు కూత వినిపించింది.

“గేటు దాటితే పది నిమిషాల్లో ఆఫీసు” అన్నాడు శేషగిరి. జేబులోంచి మాత్రల అట్ట తీసి, ఒక మాత్ర విడదీశాడు. “పెద్దమ్మా, మెలకువ వస్తున్నట్టుంది, ఇది కూడా వేసుకో.”

మాత్ర పెదవులకి తగిలేసరికి సుభద్రమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. చెయ్యి గాల్లో ఊగిపోతోంది. కళ్ళు తెరుచుకోవడం లేదు. అయినా గట్టిగా, “వద్దు” అంది.

అబ్బులు ఆ మాట విన్నాడు. ‘మత్తులో ఉన్న ముసలమ్మ వద్దనగలిగింది. నిక్షేపంలా మెలకువగా ఉన్నాను, నాకేమైంది?’ అనుకున్నాడు. అతనికి సిగ్గేసింది. ఆ సిగ్గులోంచి ఎక్కడలేని తెగువా పుట్టుకొచ్చింది.

రైలు దడదడలాడుతూ వెళ్ళిపోయింది. గేటు లేచింది. లారీ కదిలింది. అబ్బులు ఇంజను ఆపేశాడు. తాళాలు లాగి, కారు దిగి, ఒక్క విసురున కాలవలోకి విసిరేశాడు!

“ఒరేయ్, ఏం చేశావురా?” అని శేషగిరి కేక పెట్టాడు. అంతవరకూ ఉన్న బావ ఎటు పోయాడో!

వెనక బండ్లన్నీ ఒక్కసారి హారన్లు మోగించాయి. అబ్బులు రోడ్డు మధ్య నిలబడి గొంతు చించుకుని అరిచాడు. “కాదు! నేను సంతకం పెట్టను! ఈవిడ మా పిన్ని కాదు! అబద్ధం చెప్పాను! ఈవిడకి మత్తుమందు పెట్టారు, కాపాడండి!”

జనం పరుగున వచ్చారు. శేషగిరి మాత్రం తక్కువ తిన్నాడా? అబ్బులుకంటే గట్టిగా ఏడుపు లంకించుకున్నాడు.

“బాబోయ్, ఈ డ్రైవరు దొంగండీ! మా పెద్దమ్మ ఫోను కూడా లాగేసుకున్నాడు. వాడి జేబు చూడండి!”

జేబు చూశారు. ఫోను దొరికింది. ఇక జనం ఆగుతారా? అబ్బులు వీపు విమానం మోత మోగింది. పెదవి చిట్లింది. చొక్కా చిరిగింది. “నన్ను కొడితే కొట్టండి, ముందు ఆవిణ్ణి చూడండి” అని అతను దెబ్బల మధ్య నుంచే మొత్తుకున్నాడు.

ఆ మాట వెనక ఆటోలో ఉన్న నర్సు చెవిన పడింది. ఆవిడ పేరు మేరీ సుగుణ. ఊళ్ళల్లో పిల్లలకి టీకాలు వేసి వస్తోంది. గబగబా కారు దగ్గరకెళ్ళి సుభద్రమ్మ కనురెప్పలు ఎత్తి చూసింది. నాడి పట్టుకుంది. సీటు మీద పడి ఉన్న మాత్రల అట్ట చేతిలోకి తీసుకుంది.

“ఆగండి! ఇవి నిద్రమాత్రలు. ఈవిడకి ఇచ్చింది డ్రైవరెలా అవుతాడు, బండి నడుపుతూ? పక్కన కూర్చున్నవాణ్ణి పట్టుకోండి” అంది.

శేషగిరి తోలుసంచీ చంకన పెట్టుకుని పట్టాల మీదుగా లంఘించాడు. నలుగురు కుర్రాళ్ళు వెంటపడి రైలుకట్ట దిగేలోగా పట్టుకున్నారు. సంచీలో స్టాంపు కాగితాలు బయటపడ్డాయి. వాటిమీద తోట సరిహద్దులన్నీ పొందికగా రాసి ఉన్నాయి. వేలిముద్రకి మాత్రం ఖాళీ ఉంది.

ఆ తోట సుభద్రమ్మకే మిగిలింది. అయితే అబ్బులు కథ అక్కడితో తేలిపోలేదు. పోలీసులు అతన్ని కూడా స్టేషనుకి తీసుకెళ్ళారు. వారధి దగ్గరి కానిస్టేబులు ఎదురుగా నిలబడ్డాడు.

“పిన్ని అన్నావు కదయ్యా పొద్దున్న?”

“అన్నానండి. మొహమాటానికి అన్నాను.”

“మొహమాటానికి చట్టంలో సెక్షను లేదయ్యా” అన్నాడు కానిస్టేబులు.

రెండు రోజులు విచారణ జరిగింది. కారు స్టేషను ఆవరణలో ఎండకి ఎండింది. ఊళ్ళో తలో మాటా అన్నారు. నూకరత్నం చంటిదాన్ని ఎత్తుకుని స్టేషను మెట్లమీదే కూర్చుంది. మూడో రోజు సుభద్రమ్మ పూర్తిగా తేరుకుని వచ్చింది. జరిగిందంతా చెప్పి అబ్బులుని విడిపించింది. అతను ఆవిడ కాళ్ళకి దండం పెట్టాడు.

“బావా అన్నాడమ్మా. కాదనలేకపోయాను” అన్నాడు.

“నాతోనూ పెద్దమ్మా అనే అన్నాడు నాయనా. పొంగిపోయి అద్దెకి గదిచ్చాను. వాడెవడో నాకూ తెలియదు, నీకూ తెలియదు” అంది సుభద్రమ్మ. అతని చిట్లిన పెదవి వంక జాలిగా చూసింది. “కానీ ఒక్కటి అడుగుతాను. వాడు దొంగ అని నీకు తెలియకపోవచ్చు. నేను నీ పిన్నిని కానని తెలుసు కదా? ఆ ఒక్క ముక్క పోలీసాయనకి చెప్పలేకపోయావా?”

అబ్బులు తల దించుకున్నాడు.

మొహమాటానికి ఆడిన చిన్న అబద్ధమే మంచివాణ్ణి తీసుకెళ్ళి నేరస్థుడి పక్కన నిలబెడుతుంది. కాబట్టి కాదనవలసిన మాటని, అడిగింది ఎంత దగ్గరవాడైనా సరే, మొదటిసారే కాదనాలి.