ముడి మీద ముడి

ఏమర్రా, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పాలి. దేవుణ్ణి ఏదైనా కోరుకున్నాక మీరు ఎన్నాళ్ళు ఆగారు? నెలా? వారమా? మొక్కేసి, గుడి మెట్లు దిగేలోపే "ఏదీ, ఇంకా ఇవ్వలేదే!" అని మూతి ముడిచినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తక్కర్లేదులే. ముందు కథ వినండి.

మీ ముత్తవ్వల ముత్తవ్వలు కూడా పుట్టకముందు వరికొండ రాజ్యాన్ని భూరివర్మ అనే రాజు ఏలేవాడు. ఆయన భార్య సోమిదేవి. వాళ్ళకి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురి పేరు వకుళ. ఆ రాజ్యంలో ఏడేళ్ళుగా చినుకు లేదు. ఏడు సముద్రాల అవతల ఉండే శుష్కనాథుడనే మాంత్రికుడు మబ్బులన్నిటినీ మేకల్లా తోలుకుపోయి దొడ్లో పెట్టేశాడు.

రాజ్యం మొత్తమ్మీద మూడు గుప్పెళ్ళ విత్తనపు వడ్లు మిగిలాయి. రాణి వాటిని మూడు పసుపుగుడ్డల్లో పోసి, వానదేవత చినుకులమ్మ ముందు మూడు ముడుపులు కట్టింది. ముడుపంటే తెలుసుగా? కోరిక తీరేదాకా విప్పకూడదు. వాన పడ్డాకే విప్పాలి, ఆ గింజలతోనే మొదటి నారు పోయాలి.

పెద్దకొడుకు ఒక ముడుపు నడుముకి కట్టుకుని మాంత్రికుడి మీదికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. రెండోవాడు ఇంకో ముడుపు కట్టుకుని వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఇక మిగిలింది ఒక్క ముడుపు, ఒక్క వకుళ.

"నువ్వూ వెళ్తే నాకెవరున్నారే?" అంది రాణి.

"వెళ్ళకపోతే మాత్రం ఎవరు మిగుల్తారమ్మా?"

రాణి ముడుపు కూతురి నడుముకి కట్టింది. "ముడి వదులైతే విప్పి కట్టకు. దానిమీదే ఇంకోటి వెయ్యి. వేసినప్పుడల్లా చినుకులమ్మకి చెప్పు, నువ్వింకా ఉన్నావని."

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు ఎండ కాగుతోంది.

"తాతా, ఏడు సముద్రాలు దాటిస్తావా?"

"దాటిస్తా మనవరాలా. కానీ నా వేగం ఇంతే. తొందరపెడితే నిద్రపోతా."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఇలా అడిగినప్పుడల్లా ఇంకో నాలుగు రోజులు పడుతుంది."

ఒక సముద్రం దాటారు. రెండు దాటారు. మూడు దాటారు. ఉప్పుగాలికి పెదాలు పగిలాయి, జుట్టు జడలు కట్టింది. వకుళ రోజూ ముడి తడుముకుని, "చినుకులమ్మా, నేనింకా ఉన్నాను" అనేది. జవాబు లేదు. ఏడో సముద్రమూ దాటారు. అప్పుడూ జవాబు లేదు.

ఆ ఒడ్డున పెద్ద దొడ్డి. లోపల మబ్బులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మూలుగుతున్నాయి. చుట్టూ వందల గుంజలు. ప్రతి గుంజకీ ఒక మనిషి ముఖం. అందులో రెండు ముఖాలు వకుళకి తెలుసు. పెద్దన్న. చిన్నన్న. ఇద్దరి నడుములకీ ఖాళీ పసుపుగుడ్డలు వేలాడుతున్నాయి.

వాకిట్లో శుష్కనాథుడు కూర్చున్నాడు, భుజమ్మీద చిలక.

"రామ్మా రా! మీ అమ్మవారు పలికితే ఈ తలుపు తెరుచుకుంటుందేమో. కూర్చో, ఎవరు వద్దన్నారు? విసుగొస్తే ఆ ముడుపు విప్పి గింజలు నా చిలక ముందు పొయ్యి, అంతే."

తాబేలు గుసగుసగా చెప్పింది. "వాడి ప్రాణం ఆ చిలకలో ఉంది. ఆశ వదిలేసి విప్పిన ముడుపులే దానికి తిండి. విప్పినవాడు గుంజైపోతాడు."

"పట్టుకుని మెడ విరిచేస్తే?"

"ముట్టుకున్న చెయ్యి కొయ్యబారుతుంది."

వకుళ కూర్చుంది. తాబేలు తెచ్చిన నాచు తింటూ కూర్చుంది.

మొదటి ఏడు మాంత్రికుడు వేడి వేడి గంజి తెచ్చి ముందు పెట్టాడు. "ముడుపు విప్పు, కడుపు నింపుకో." కడుపు కాలిపోతోంది. వకుళ ముడి మీద ముడి వేసింది.

రెండో ఏడు పకపకా నవ్వాడు. "ఏమే, మీ అమ్మవారికి చెవుడా?"

"ఆవిడ సంగతి సరే, నీ సంగతి చెప్పు. పలకని అమ్మవారంటే నీకంత దిగులెందుకు? పొద్దస్తమానం నా ముడి వంక చూడ్డం తప్ప నీకింకో పని లేదా?"

వకుళ ముడి మీద ముడి వేసింది.

మూడో ఏడు వకుళకి పోట్లాడే ఓపిక కూడా పోయింది. "నేనింకా ఉన్నాను" అనడానికి గొంతు రావట్లేదు. ఎవరికి చెబుతున్నట్టు? ఎవరు వింటున్నట్టు? అప్పుడొచ్చింది వాళ్ళమ్మ. అదే చీర, అదే నడక.

"చాలమ్మా, అలిసిపోయావు. విప్పెయ్యి. ఇంటికి పోదాం."

ఆ ఒళ్ళో తల పెట్టుకుంటే చాలనిపించింది. వేళ్ళు ముడి మీదికి వెళ్ళాయి. వెళ్ళి ఆగిపోయాయి.

"నువ్వు మా అమ్మవైతే 'ఇంకోటి వెయ్యి' అనేదానివి."

అమ్మ రూపం చెదిరి, శుష్కనాథుడు నిలబడ్డాడు. వకుళ ఇంకో ముడి వెయ్యబోయింది. చేతులు వణికాయి. కొస జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ జారిపోయింది.

"తాతా, నా వల్ల కావట్లేదు."

తాబేలు మెల్లగా వచ్చి, ఒక కొస నోట కరుచుకుంది. రెండో కొస వకుళ లాగింది. ముడి పడింది.

"చినుకులమ్మా, మేమింకా ఉన్నాం."

అంతే, మాంత్రికుడి భుజం మీంచి చిలక దభీమని కింద పడింది. మూడేళ్ళుగా ఆ ఒడ్డుకి ఇంకో ముడుపు రాలేదు మరి. దాని ఒంట్లో ఎముకలే మిగిలాయి.

"ఆకలి! ఒక్క గింజ!"

"వాన పడ్డాక."

"వాన దొడ్లో ఉందిగా!"

"ఆ దొడ్డి ఎవడిది? వాడి ప్రాణం ఎవరి పొట్టలో ఉంది? కక్కెయ్. పంట రాగానే మొదటి కంకి నీది. లేదంటావా, నేను ఆగగలను. నువ్వు ఆగగలవా?"

"వద్దే!" అని అరిచాడు మాంత్రికుడు. చిలక దగ్గింది. ఆముదపు గింజంత నల్లటి ప్రాణం బయటపడింది. తాబేలు తీరిగ్గా నడిచొచ్చి దానిమీద కాలు పెట్టింది. శుష్కనాథుడు బూడిదయ్యాడు. గుంజలన్నీ మనుషులయ్యాయి. గుంజలు లేని దొడ్డి దొడ్డెలా అవుతుంది? మబ్బులు లేచి, అన్నలతోపాటు వకుళని, చిలకని మోసుకుని వరికొండకి బయల్దేరాయి.

వాన పడింది. తల్లీ కూతురూ తడుస్తూ కూర్చుని ముడులు విప్పారు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నమైంది. నారు పోశారు. మాట ప్రకారం మొదటి కంకి చిలక్కి పెట్టారు. తినగానే ఈకలు రాలి, ఒక రాజకుమారుడు నిలబడ్డాడు. పేరు రత్నపాలుడు. అందరికంటే ముందు ముడుపు విప్పేసి ఆ మాంత్రికుడికి చిక్కినవాడు; అతణ్ణి మాత్రం గుంజ చెయ్యకుండా చిలకగా మార్చి, తన ప్రాణం అందులో దాచుకున్నాడు వాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అన్నాడు.

"అడిగావుగా, ఆగు" అంది వకుళ. మూడు పంటలు ఆగాడు, పాపం, నోరెత్తకుండా. అప్పుడు చేసుకుంది. జుట్టు నెరిసేదాకా ఇద్దరూ వరికొండని ఏలారు, ఆ ఏళ్ళల్లో మళ్ళీ చినుకు తప్పలేదు.

ఇప్పుడు లేవండి. విసుగొచ్చి విప్పేద్దామనుకున్న ముడుపు మీ ఇంట్లో ఉంటే, దానిమీద ఇంకో ముడి వెయ్యండి. మీకు అలాంటిదేమీ లేదా? అయితే పక్కింటికి వెళ్ళండి. ఎదురుచూసి చూసి చేతులు వణుకుతున్నవాళ్ళు అక్కడ ఒకరు ఉంటారు. రెండో కొస మీరు పట్టుకోండి.