రేగుతోటలో రాజుగారి కత్తిసాము

ఒకానొక రాజ్యంలో ప్రతాపకేసరి అనే రాజు ఉండేవాడు. కత్తి తిప్పడంలో తనంతటివాడు లేడని ఆయన నమ్మకం. కోట వెనక ఆయనకో గంగరేగు తోట ఉండేది. చెట్లు ఎంత గుబురుగా ఉంటే తనకంత దర్జా అనుకుని, "కొమ్మ మీద కత్తి పెట్టినవారు తోట విడిచి పోవాలి" అని చాటింపు వేయించాడు.

కొన్నేళ్లుగా వానలు తగ్గాయి. ఏరు చిక్కిపోయింది. చెట్లకు ఒట్టి గుబురే తప్ప కాపు లేదు. రాజు మండిపడి, "వచ్చే చలికాలం కూడా కాయకపోతే తోటలో నీ గుడిసె ఖాళీ చెయ్" అని తోట చూసుకునే పోలమ్మతో అనేశాడు.

పోలమ్మ తిన్నగా ఆస్థానంలో కథలు చెప్పే గవరయ్య ఇంటికొచ్చింది. గవరయ్య మాటకారి, పట్టింపు మనిషి. తాను కథ చెబుతుంటే రాజు ఆవలించిన సంగతి ఆయనింకా మరిచిపోలేదు.

"అయ్యా, అడవి రేగు వేరు మీద అంటుకట్టిన చెట్లవి. కరువొచ్చినా చావవు. కానీ ఉన్న కాస్త నీరూ ముసలి కొమ్మలే తాగేస్తుంటే కాయెక్కడిది? ఎండలకు ఆకు రాలింది, ఇప్పుడు కొమ్మలు కొట్టేస్తే, తొలకరికి కొత్త రెమ్మలొస్తాయి. కాయ కాసేది వాటికే. కొడదామంటే ఆ పాడు చాటింపాయె!"

"రాజుగారితో చెప్పావా?"

"చెప్పాను. చెట్టును లొంగదీయడం నీకు చేతకాదన్నారు."

"అలాగా! నువ్వు కత్తి ముట్టకు. నేనూ ముట్టను" అన్నాడు గవరయ్య.

మర్నాడు నిండు సభలో లేచి, "ప్రభూ, తమరి కత్తికి రేగు కొమ్మ మాత్రం తెగదు" అన్నాడు.

అంతే. రాజు కత్తి దూసి తోటలోకి నడిచాడు. ఒక్క వేటుకు కొమ్మ కింద పడింది.

గవరయ్య పెదవి విరిచాడు. "అది పుల్ల ప్రభూ. పుల్ల మా ఆవిడా నరుకుతుంది. ఇదిగో, ఈ లావుది చూడండి."

అదీ పడింది.

"అబ్బే, తెగిన చోట చీలింది. వేటు నున్నగా పడాలి."

రాజు పళ్లు కొరికి మళ్లీ కొట్టాడు. ఈసారి నున్నగా తెగింది. గవరయ్య చూపించడం, రాజు నరకడం. పొద్దు నడినెత్తికొచ్చేసరికి తోటంతా మోళ్లే. పోలమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

తరవాత మేడ మీంచి తోట చూసుకున్న రాజుకు తన దర్జా అంతా నేలమీద పడి కనిపించింది. నరికింది తానే. ఎవరినని ఏమంటాడు?

వానలు పడ్డాయి, కొద్దిగానే. ఆ కొద్దిపాటికే మోళ్లు చిగిర్చి, చలికాలానికి రెమ్మలు నేలకు వంగేలా కాశాయి. రాజు సభలో ఒక పండు కొరికాడు. తేనె!

"ఏం చేసిందయ్యా పోలమ్మ?" అని గవరయ్యను అడిగాడు.

"ఆవిడేం చేయలేదు ప్రభూ. కొమ్మలు కొట్టినవారి చలవ. కాకపోతే చాటింపు ప్రకారం వారు తోట విడిచి పోవాలి. మూటలు కట్టించమంటారా?"

రాజు ఆయనకేసి గుడ్లురిమి చూశాడు. చూసి చూసి, గింజ గొంతుకడ్డం పడేలా నవ్వాడు. చాటింపు రద్దుచేసి, గుడిసెనూ తోటనూ తరతరాలకూ పోలమ్మ వంశానికే రాసిచ్చాడు. గవరయ్యకు పట్టుశాలువా కప్పాడు.

గవరయ్య శాలువా అంచు పట్టుకుని వెలుగుకెత్తి చూశాడు. "నేత వదులుగా ఉంది ప్రభూ. మార్చి ఇప్పించండి."

రాజు మళ్లీ నవ్వి, తన భుజం మీది శాలువా తీసి ఇచ్చాడు.